ఫోను విననూ లేదు, చిన్నమ్మాయి చెప్పనూ లేదు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పెద్దమ్మాయి నర్సింగ్ పూర్తిచేసింది. శ్రీకాకుళం నుంచి ఒక సంబంధం వచ్చింది. ఖాయమయ్యేదాకా బయట పొక్కకూడదని ఇంట్లో నలుగురమే మాట్లాడుకున్నాం. అబ్బాయి వాళ్ల ఇంటికి వెళ్లొచ్చి వారం తిరగకుండానే నా ఫోనులో కల్యాణ మండపాలు, పెళ్లి పట్టుచీరలు, నగల ప్రకటనలు మొదలయ్యాయి. అవి కూడా శ్రీకాకుళం దుకాణాలవే. నేను ఒక్కదాన్నీ నొక్కలేదు. అబ్బాయి తల్లి ఫేస్‌బుక్‌లో ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపితే కాదంటే బాగుండదని ఒప్పుకున్నాను. ఆ తర్వాత టెక్కలిలో ఉండే మా తోటికోడలు ఫోను చేసి, ‘వాళ్లింట్లో పెళ్లికెదిగిన అబ్బాయి ఉన్నాడుగా, మాకు చెప్పకుండానే సంబంధం కుదుర్చుకున్నారా?’ అని నిష్ఠూరమాడింది. ఎవరు చెప్పారంటే, తన ఫేస్‌బుక్‌లో ఆ తల్లి ఫొటో, దాని కింద నా పేరు కనిపించాయంది. అదంతా సాకు, మా చిన్నమ్మాయే వాళ్ల పిల్లలకు చెప్పి ఉంటుందని మా వారు దాని ఫోను లాక్కున్నారు. దానికి పదహారేళ్లు, ప్లస్ టూ చదువుతోంది. తండ్రితో మాట్లాడటం మానేసింది. పెద్దమ్మాయేమో ఫోను మన మాటలు వింటోందంటోంది. ఏది నిజం? నేను ఒడియా మీడియంలో చదువుకున్నాను. తెలుగు రాయడం రాదు. ఇదంతా ఫోనుకు నోటితో చెప్పి టైపు చేయించాను. తప్పులుంటే మన్నించండి.

సమాధానం: అమ్మా, ఇది చదవగానే మీ వారికి కూడా వినిపించండి. చిన్నమ్మాయి ఫోను ఈ పూటే తిరిగి ఇప్పించండి. ఆ పిల్ల ఎవరికీ ఏమీ చెప్పాల్సిన అవసరమే లేకుండా మీ తోటికోడలికి సంగతి ఎలా చేరిందో మీ ఉత్తరమే చెబుతోంది.

మీరు ఫ్రెండ్ రిక్వెస్ట్ ఒప్పుకున్నానని మాటవరసకు రాశారు. జరిగినదానికి మూలం అదే. ‘మీకు తెలిసినవారు కావచ్చు’ అంటూ చూపే పేర్లను ఉమ్మడి స్నేహితులను బట్టి, కలిసి ఉన్న గ్రూపులను బట్టి, ఫోనుల నుంచి ఎక్కించుకున్న నంబర్ల జాబితాలను బట్టి ఎంపిక చేస్తామని ఫేస్‌బుక్ తానే చెబుతుంది. మీ తోటికోడలు మీకు స్నేహితురాలు. అబ్బాయి తల్లి కూడా మీకు స్నేహితురాలయ్యారు. అంటే వాళ్లిద్దరి మధ్య ఇప్పుడు మీరున్నారు. అందుకే ఆవిడ ఫొటో కింద మీ పేరు కనిపించింది. మీ తోటికోడలు సాకు చెప్పలేదు, ఉన్నమాటే చెప్పింది. ఆ తర్వాత ఆవిడకు ఏ యంత్రం సాయమూ అక్కర్లేదు. పర్లాకిమిడిలో పెళ్లీడు పిల్ల ఉన్న తల్లికి, శ్రీకాకుళంలో పెళ్లీడు కొడుకు ఉన్న తల్లితో కొత్తగా స్నేహం కుదిరిందంటే అర్థం ఏమిటో మన ఇళ్లలో ఎవరికైనా తెలుస్తుంది.

అసలు అబ్బాయి తల్లికి మీ పేరు ఎలా కనిపించింది? మీరు నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు కదా. మీ ఇద్దరిలో ఎవరి ఫోనులోనైనా కాంటాక్టులను ఎక్కించే సదుపాయం తెరిచి ఉంటే, ఆ నంబరు మీ ఖాతాకు ఇచ్చిన నంబరుతో సరిపోతుంది. మీ పేరు ఆవిడ ముందుకు వస్తుంది. మీరు ఎంత జాగ్రత్తగా ఉన్నా మీ నంబరు దాచుకున్న ప్రతి ఒక్కరి ఫోనూ మీ సంగతి చెప్పగలదు. చాలామంది దృష్టికి రాని విషయం ఇదే. 2018లో బయటపడిన, ఎన్నికల ప్రచారాలకు సలహాలిచ్చే కేంబ్రిడ్జ్ అనలిటికా సంస్థ వ్యవహారం గుర్తుందా? ఫేస్‌బుక్ ఖాతాతో తెరిచే ఒక చిన్న వ్యక్తిత్వ పరీక్ష యాప్ ద్వారా ప్రపంచవ్యాప్తంగా 8.7 కోట్ల మంది వరకు వివరాలు ఆ సంస్థ చేతికి వెళ్లి ఉంటాయని ఫేస్‌బుక్ ప్రకటించింది. మన దేశంలో ఆ యాప్‌ను వేసుకున్నవారు 335 మంది. వారి వల్ల వివరాలు పోయి ఉండవచ్చని ఫేస్‌బుక్ చెప్పిన భారతీయుల సంఖ్య దాదాపు 5.62 లక్షలు. ఆ లక్షల మంది చేసిన పొరపాటు ఒక్కటీ లేదు, స్నేహితుల జాబితాలో ఉండటం తప్ప. మీ వారికి ఈ అంకెలు చెప్పండి. ఇంట్లో ఒకరు నోరు జారితేనే సంగతి బయటికి పోతుందన్న లెక్క ఫోనులు వచ్చాక చెల్లదు.

ఇక ఫోను వింటోందా అన్న ప్రశ్న. ఈ అనుమానం మీ పెద్దమ్మాయి ఒక్కదానిదే కాదు, దాన్ని కొట్టిపారేయను. 2018లో అమెరికాలోని నార్త్ఈస్టర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. చాటుగా మైకు తెరిచి మాటలు పంపుతున్న యాప్ ఒక్కటీ దొరకలేదు. కానీ కొన్ని యాప్‌లు తెర మీద మనం చేసే పనిని బొమ్మలుగానో వీడియోగానో పట్టి బయటి కంపెనీలకు పంపుతున్నట్టు తేలింది. మరోవైపు, 2019లో మెసెంజర్‌లో కొందరు పంపిన వాయిస్ సందేశాలను మనుషుల చేత విని రాయించినట్టు ఫేస్‌బుక్ ఒప్పుకుంది. మాటను అక్షరాలుగా మార్చే సదుపాయాన్ని ఎంచుకున్నవారి సందేశాలవి. కాబట్టి కంపెనీలను నమ్మి నిద్రపొమ్మని నేను చెప్పడం లేదు. మీ ఇంట్లో నలుగురు కూర్చుని మాట్లాడుకున్న మాటల వల్లే ఈ ప్రకటనలు వచ్చాయనడానికి మాత్రం ఆధారం లేదు. ఆండ్రాయిడ్ 12, ఆ తర్వాతి ఫోనుల్లో ఏ యాప్ అయినా మైకు గానీ కెమెరా గానీ వాడితే తెర పైమూలన ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది. మీరు ఈ ఉత్తరం నోటితో చెబుతున్నప్పుడు కూడా వెలిగి ఉంటుంది. ఈసారి గమనించండి.

పూర్వం పెళ్లిళ్ల పేరయ్య ఎవరింటి గుమ్మానికీ చెవి ఆనించేవాడు కాదు. ఎవరింటి పిల్ల చదువు ముగిసింది, ఎవరు కంసాలి దగ్గరికి వెళ్లొచ్చారు, ఎవరు ఏ ఊరు బస్సెక్కారు అన్నవి చూసి లెక్క కట్టేవాడు. మీ ఫోనులో జరిగింది అదే, కాకపోతే అతను ఊరికొక్కడు, ఇక్కడ లెక్క కట్టే కంపెనీలు వందలు.

మీరు అబ్బాయిని చూడటానికి శ్రీకాకుళం వెళ్లారు. ఫోను మీతో వచ్చింది. ఫేస్‌బుక్‌లో ప్రకటన ఇచ్చే దుకాణదారుడు ఫలానా పట్టణంలో ఉండేవారికే కాదు, ఈ మధ్య ఆ పట్టణానికి వచ్చి వెళ్లినవారికి కూడా చూపించమని కోరవచ్చు. లొకేషన్ ఆపేసినా, ఇంటర్నెట్ చిరునామాను బట్టి మీరు ఏ ప్రాంతంలో ఉన్నారో స్థూలంగా అంచనా వేస్తామని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల యజమాని అయిన మెటా కంపెనీ తన విధానంలోనే రాసుకుంది. భాష కూడా అలాగే దొరుకుతుంది. రేషన్ కార్డు ఒడియాలో ఉంటుంది, పిల్లల పుస్తకాలు ఒడియాలో ఉంటాయి. మీరు చూసే వీడియోలు మాత్రం తెలుగువి, మీరు కీబోర్డుకు చెప్పే మాటలు తెలుగువి, మీ గ్రూపుల్లో సగం టెక్కలి, పాతపట్నం వాళ్లు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమై పర్లాకిమిడి అటువైపు చేరింది. అయినా మహేంద్రతనయ ఒడ్డున ఉన్న మన వాళ్లు పాతపట్నం వైపు పిల్లనివ్వడం, తెచ్చుకోవడం ఎన్నడూ మానలేదు. జనాభా లెక్కల్లో ఒక వరుసగా మిగిలిపోయే మనల్ని ఈ కంపెనీలు ఇంటింటి వివరంతో గుర్తుపడుతున్నాయి. సర్కారు కాగితాల్లో మన భాషకు చోటు కోసం తిరిగి తిరిగి అలసిన వాళ్లకు ఇది గౌరవంలా అనిపించవచ్చు. కానీ ఆ గుర్తింపు మనకు ఏదో అమ్మడానికే.

‘నేను ఒక్కదాన్నీ నొక్కలేదు’ అన్నారు. నొక్కనక్కర్లేదు. తెర జరుపుతూ జరుపుతూ ఒక చీర దగ్గర వేలు ఆగిందనుకోండి, ఎంతసేపు ఆగిందో కూడా లెక్కే. పెళ్లికూతురి అలంకరణ వీడియో చివరిదాకా చూస్తే ఒక లెక్క, రెండోసారి చూస్తే ఇంకో లెక్క, దాన్ని పెద్దమ్మాయికి పంపిస్తే అంతకంటే పెద్ద లెక్క. 2017 నుంచి కొంతకాలం, మామూలు లైకు కంటే ఎమోజీతో స్పందిస్తే ఐదు రెట్లు విలువ కట్టారని ఫేస్‌బుక్ లోపలి పత్రాలు 2021లో బయటపెట్టాయి. కోపం బొమ్మకు కూడా అదే విలువ. అందుకే కోపం తెప్పించే పోస్టులు పైకి తేలాయి. పేజీ అడుగు ఎన్నటికీ రాకుండా కొత్త పోస్టులు వస్తూనే ఉండే పద్ధతిని 2006లో రూపొందించిన అజా రాస్కిన్, తర్వాత తానే దాని గురించి బాహాటంగా విచారం వ్యక్తం చేశాడు. పేజీ అయిపోతే మనిషి తలెత్తి గడియారం చూస్తాడు. అయిపోకుండా చేస్తే చూడడు. మీ వేలు ఆగకుండా కదులుతున్నంతసేపూ మీ గురించి వాళ్లకు కొత్త సంగతులు తెలుస్తూనే ఉంటాయి. అంటే, సమాచారం సేకరించడం, మనల్ని కదలనివ్వకుండా కూర్చోబెట్టడం రెండు వేర్వేరు పనులు కావు. 2024లో మెటాకు వచ్చిన ఆదాయం దాదాపు 16,450 కోట్ల డాలర్లు. అందులో 16,000 కోట్లకు పైగా ప్రకటనలదే. మీ వేలు ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవడానికి వాళ్లు అంత శ్రమ ఎందుకు పడతారో అర్థమవుతుంది.

ఫేస్‌బుక్‌లో కాకుండా బయట, గూగుల్‌లో మండపం కోసం మీ ఇంట్లో ఎవరైనా వెతికినా తప్పించుకోలేరు. లక్షల వెబ్‌సైట్లలో మెటా పిక్సెల్ అనే చిన్న కోడు ఉంటుంది. ఆ సైటు చూసింది ఎవరో అది మెటాకు చేరవేస్తుంది. ఈ కోడు ఫోను లోపలి దారిలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లతో మాట్లాడి, రహస్యంగా చూసే విండోలో ఉన్నా మనిషిని గుర్తుపడుతోందని 2025 జూన్‌లో యూరప్ పరిశోధకులు బయటపెట్టారు. బయటపడిన రోజే ఆ పని ఆగిపోయింది. అప్పటిదాకా జరిగిందన్నది మరిచిపోకూడదు.

వాట్సాప్ గురించి ఒక్క మాట. మనుషులు మనుషులకు పంపుకునే సందేశాల్లోని మాటలను చదవడం కంపెనీకి సాధ్యం కాదు. 2016 నుంచి వాటికి పూర్తి గూఢలేఖన రక్షణ ఉంది. ఎవరు ఎవరితో ఎంత తరచుగా మాట్లాడుతున్నారన్నది మాత్రం తెలుస్తుంది. వాట్సాప్ వాడాలంటే వివరాలు మెటాతో పంచుకోవడానికి ఒప్పుకోక తప్పదంటూ 2021లో తెచ్చిన విధానంపై, మార్కెట్లో పోటీ సవ్యంగా సాగేలా చూసే మన కాంపిటిషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. ఇవి మీ చిన్నమ్మాయి చేతే చేయించండి. తప్పు చేసినదానిలా నిలబెట్టిన పిల్లను ఇంటి ఫోనులన్నీ సరిచేసే మనిషిగా కూర్చోబెడితే, తండ్రి నోటితో చెప్పలేని మాట దానికి అందుతుంది.

మొదట ఫేస్‌బుక్‌లో అకౌంట్స్ సెంటర్ తెరిచి, కాంటాక్టులు ఎక్కించే సదుపాయాన్ని ఆపాలి. ఇప్పటికే ఎక్కిన జాబితాను తొలగించాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో కూడా ఇదే చేయాలి. అదే అకౌంట్స్ సెంటర్‌లో మెటా బయట మీరు చేసిన పనుల జాబితా ఉంటుంది. దాన్ని ఒకసారి చదవండి. ఏయే దుకాణాలు, ఏయే యాప్‌లు మీ సంగతి అక్కడికి పంపాయో పేర్లతో సహా కనిపిస్తుంది. అది చదివితే నేను ఇంత రాసినదానికంటే మీ వారికి బాగా తెలుస్తుంది. చదివాక, ఆ చరిత్రను తొలగించి ఇకపై జోడించవద్దని పెట్టండి. తర్వాత ఫోను సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్ అన్నచోట ప్రకటనల గుర్తింపు సంఖ్యను తొలగించే మీట ఉంటుంది. దాన్ని నొక్కండి. ప్రకటనలు ఆగవు, కానీ మీ వెంటబడి వచ్చేవి తగ్గుతాయి.

పర్మిషన్ మేనేజర్‌లోకి వెళ్తే మైకు, లొకేషన్, కాంటాక్టులు, ఫొటోలు ఎవరెవరికి తెరిచి ఉన్నాయో వరుసగా కనిపిస్తుంది. ఇక్కడ చాలామంది అన్నీ ఒక్కసారిగా మూసేయమని చెబుతారు. మీరు అలా చేయవద్దు. మీ కీబోర్డుకు మైకు తీసేస్తే మీరు తెలుగులో ఒక్క ముక్క కూడా రాయలేరు. బడిలో నేర్పని భాషలో ఇంత వివరంగా, ఇంత చక్కగా ఉత్తరం పంపగలిగారంటే దానివల్లే. కీబోర్డుకు, ఫోను మాట్లాడే యాప్‌కు, వాట్సాప్‌కు మైకు ఉంచండి. ఫేస్‌బుక్‌కు, షాపింగ్ యాప్‌లకు, పంచాంగం యాప్‌కు, టార్చిలైటు యాప్‌కు తీసేయండి. లొకేషన్ మ్యాపు తెరిచినప్పుడు మాత్రమే చాలు.

సంబంధాల గ్రూపులు అంతకంటే పెద్ద సంగతి. సరిహద్దు జిల్లాల్లో సంబంధాలు దొరకడం కష్టమని బరంపురం, రాయగడ, గుణుపురం వాళ్లందరూ కలిసి వాట్సాప్ గ్రూపుల్లో పిల్లల బయోడేటాలు పెట్టుకుంటున్నారు. అవసరమే, కాదనను. కానీ ఆ కాగితంలో ఏముంటుందో ఒకసారి చూడండి. పూర్తి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన సమయం, ఊరు, తండ్రి పేరు, ఇంటి చిరునామా, ఉద్యోగం, జీతం, ఫోను నంబరు, నిలువెత్తు ఫొటో. ఒక మనిషి పేరు మీద మోసం చేయాలంటే కావాల్సినవన్నీ ఒకే పేజీలో ఉన్నాయి. అది పదిమంది చేతులు మారాక ఎవరి ఫోనులో ఉందో మీకు తెలియదు, దాన్ని వెనక్కి తెచ్చే మార్గం లేదు. గ్రూపులో పెట్టేదానిలో చదువు, ఎత్తు, నక్షత్రం, పుట్టిన సంవత్సరం, మాట్లాడాల్సిన పెద్దవారి నంబరు ఉంటే చాలు. మిగతావి, ముఖ్యంగా ఫొటో, అవతలివారు ఎవరో విచారించుకున్నాక వారికి విడిగా పంపండి. పెద్దమ్మాయి నంబరు ఎక్కడా ఇవ్వవద్దు.

ఇంకొకటి కూడా ముందే చెబుతాను. మండపాలు, నగల తర్వాత రాబోయేవి పెళ్లి ఖర్చులకు అప్పు ఇస్తామనే ప్రకటనలు. అప్పు యాప్‌లు మన కాంటాక్టులు, ఫొటోలు, కాల్ జాబితా చూడకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే నిబంధన పెట్టింది. అలాంటి యాప్ ఏదైనా కాంటాక్టులు అడిగిందంటే అది దొంగదని అర్థం. వెంటనే తీసేయండి. డబ్బు పోయినా, బెదిరింపులు వచ్చినా 1930 నంబరుకు ఫోను చేయండి. ఆలస్యం చేయకండి.

చిన్నమ్మాయి సంగతి మీ వారికి విడిగా చెప్పాలి. అయ్యా, మీరు భయంతో చేశారని నాకు తెలుసు. పిల్ల పెళ్లి మాట పదిమంది నోళ్లలో పడితే ఏమవుతుందో అన్న భయం ప్రతి తండ్రికీ ఉంటుంది. కానీ ఆ ఫోను మీద మీరు నిజంగా భయపడాల్సింది వేరే ఉంది. మీ పిల్లకు పదహారేళ్లు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగానే చూస్తుంది. వారి ప్రవర్తనను వెంటాడి గమనించడాన్ని, దాన్ని బట్టి వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని నిషేధిస్తుంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీల మీద ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. చట్టం వచ్చి పిల్లను కాపాడేదాకా ఆ పని మీదే. ఇన్‌స్టాగ్రామ్‌లో తన అసలు వయసు ఇచ్చిందో లేదో అడగండి. చాలామంది పిల్లలు ఖాతా తెరవడానికి వయసు ఎక్కువ చెబుతారు. అలా చెబితే 18 లోపు వారికి పెట్టిన రక్షణలు వర్తించవు. రాత్రి ఎన్ని గంటలకు ఫోను పక్కన పెడుతోందో అడగండి. ఎవరైనా తెలియనివారు సందేశాలు పంపుతున్నారా అని అడగండి. లాక్కుంటే ఇవేవీ మీకు చెప్పదు. రేపు నిజంగా ఏదైనా ఇబ్బంది వస్తే మీ దగ్గరికి రావడానికి జంకుతుంది. అనుమానించి తప్పు చేశానని తండ్రి ఒక్కసారి కూతురితో అంటే ఇంట్లో పెద్దరికం తగ్గదు. అనండి.

పెద్దమ్మాయికి కూడా ఒక మాట చెప్పండి. నిశ్చితార్థం అయ్యేదాకా కాబోయే అత్తవారి పోస్టులకు లైకులు కొట్టడం, వారి బంధువుల గ్రూపుల్లో చేరడం ఆపమనండి. అబ్బాయి తల్లిని ఇప్పుడు జాబితా నుంచి తీసేయకండి. సంబంధం ఇష్టం లేదేమోనని వాళ్లు కంగారు పడతారు. మీ స్నేహితుల జాబితా ఇతరులకు కనబడకుండా దాచే సదుపాయం ఉంది, అది పెట్టుకోండి.

తోటికోడలికి మీరే ముందు ఫోను చేయండి. ఖాయం కాలేదు కాబట్టి చెప్పలేదని, ఖాయమైన రోజున మొదటి కబురు మీకేనని చెప్పండి. ఆవిడ మనసు కుదుటపడ్డాక, ఆవిడ ఫోనులో కూడా కాంటాక్టులు ఎక్కించడం ఆపించండి. మీరు మీ ఫోనులో ఎంత శుభ్రం చేసినా, ఆవిడ ఫోను నుంచి మీ నంబరు, మీ అమ్మాయి నంబరు మళ్లీ అక్కడికే చేరతాయి.